ధర సున్నా... కొనేవారే లేరు!

2020 మార్చిలో చైనాలో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు ప్రకటన ఇచ్చింది. మా వాటాలన్నీ ఇచ్చేస్తాం, పైసా చెల్లించక్కర్లేదు, జట్టును నడిపే స్తోమత ఉన్నవాళ్లెవరైనా రావచ్చన్నది దాని సారాంశం. అదేదో కాలేజీ కుర్రాళ్లు సరదాగా పెట్టుకున్న జట్టు కాదు. దేశంలోనే అత్యున్నతమైన చైనీస్ సూపర్ లీగ్‌లో ఆడే 16 జట్లలో ఒకటి. అంతకు రెండేళ్ల ముందే ఆసియా ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. ప్రపంచకప్పు ఎత్తిన ఇటలీ కెప్టెన్ దానికి కోచ్‌గా చేశాడు. బెల్జియం మధ్యవరుసకు వెన్నెముకలాంటి ఆటగాడు ఇటలీ దిగ్గజం యువెంటస్‌ను కాదని దీని చొక్కా తొడుక్కున్నాడు. అలాంటి జట్టును ఉచితంగా ఇస్తామన్నా తీసుకునే నాథుడు చివరిదాకా దొరకలేదు. రెండు నెలలు తిరక్కుండానే, మే 12న, క్లబ్బు మూతపడింది.

మూసేనాటికి దాని పేరు తియాంజిన్ తియాన్‌హై. అభిమానులకు గుర్తున్న పేరు మాత్రం తియాంజిన్ క్వాన్‌జియాన్. ఆ పేరుతో బతికింది మూడున్నరేళ్లే. ఆ కాస్త సమయంలోనే రెండో అంచె లీగ్‌ను గెలిచి, పై అంచెకు వచ్చిన తొలి ఏడాదే మూడో స్థానంలో నిలిచి, ఆసియా పెద్ద జట్లతో తలపడి, అంతే వేగంగా పడిపోయింది. చైనా ఫుట్‌బాల్‌లో డబ్బు పొంగిన రోజులూ ఆ పొంగు చల్లారిన రోజులూ ఒకే క్లబ్బులో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నిప్పుతో వైద్యం

ఈ కథ మైదానంలో కాదు, ఓ మందుల కంపెనీలో మొదలవుతుంది. షు యుహుయ్ అనే వ్యాపారి 2004లో తియాంజిన్ శివార్లలోని వుచింగ్‌లో క్వాన్‌జియాన్ అనే సంస్థ పెట్టాడు. పాతకాలపు వైద్య చిట్కాలను ఊరూరా తిరిగి సేకరించానని చెప్పుకునేవాడు. ఆ చిట్కాల పేరు మీదే సరుకులు తయారయ్యాయి. వాటిలో బాగా పేరు పడింది బూట్లలో వేసుకునే అట్టలు. 1,068 యువాన్లు పెట్టి ఆ అట్టలు కొని వేసుకుంటే ఎముకలు సర్దుకోవడమే కాదు, గుండెజబ్బుల్లాంటివీ నయమవుతాయని అమ్మేవాళ్లు నమ్మబలికేవారు. ఇక కంపెనీకి ఊరూరా పేరు తెచ్చింది నిప్పు చికిత్స. మనిషిని పడుకోబెట్టి, ఒంటి మీద తడి తువ్వాళ్లు పరిచి, ఆల్కహాల్ చల్లి అంటిస్తారు. కాసేపు మంట ఎగిశాక ఆర్పేస్తారు. ఈ చికిత్స చేసే దుకాణాలు దేశమంతటా వేల సంఖ్యలో వెలిశాయి. ఒళ్లు కాలిందంటూ కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు.

సరుకు దుకాణంలో పెట్టి అమ్మితే ఇంత విస్తరణ జరిగేది కాదు. కొన్నవాడే అమ్మేవాడవుతాడు, తన కింద ఇంకొందరిని చేర్పిస్తాడు, వాళ్లు ఇంకొందరిని తెస్తారు. మన దగ్గర గొలుసుకట్టు అంటామే, అదే. మనకు 1978 నుంచే దీని మీద చట్టముంది. చైనాలోనూ 2005 నాటి నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని నేరుగా వినియోగదారుడికి అమ్మడం తప్పు కాదు. అంచెలంచెలుగా మనుషులను చేర్పించి వాళ్ల చేరికల మీద కమీషన్ పంచడం నేరం. క్వాన్‌జియాన్ చేతిలో అనుమతి పత్రం ఉంది. ఆ పత్రం వెనక నడిచిందేమిటో నిరూపణ కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇలాంటి కంపెనీకి అన్నిటికంటే ముందు కావాల్సింది నమ్మకం. పల్లెలో ఓ రోగి ఇంటికెళ్లి అట్టలమ్మే ఏజెంటుకు, మా కంపెనీ ఎంత పెద్దదో తెలుసా అని చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ప్రతి వారం టీవీలో కనిపించే జట్టు, దాని పేరులోనే కంపెనీ పేరు, ఆ చొక్కాలో ప్రపంచకప్ ఆడినవాళ్లు... అంతకుమించిన ప్రకటన ఏముంటుంది?

చైనాలో అప్పట్లో అది సులువు కూడా. యూరప్‌లో క్లబ్బును కొన్నవాడు దాని పేరు ముట్టుకుంటే ఊరు ఊరుకోదు. చైనాలో 1994లో వృత్తి ఫుట్‌బాల్ మొదలైనప్పటి నుంచీ యజమాని కంపెనీ పేరే జట్టు పేరుగా ఉండేది. యజమాని మారితే పేరు మారేది, ఒక్కోసారి ఊరూ మారేది. క్వాన్‌జియాన్ కొన్న జట్టు సంగతే చూడండి. 2006లో పుట్టింది ఇన్నర్ మంగోలియా రాజధాని హోహోట్‌లో. ఆ తర్వాత తియాంజిన్‌కు తరలివచ్చింది. సాంగ్‌జియాంగ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ చేతికి వచ్చాక ఆ పేరు పెట్టుకుంది. అట్టడుగు లీగ్ నుంచి రెండో అంచెకు ఎదిగి, అక్కడే ఏ సంచలనమూ లేకుండా ఆడుకుంటూ ఉండేది.

టెడాతో చెడింది

షు యుహుయ్ మొదట కన్నేసింది దాని మీద కాదు. తియాంజిన్‌లో అసలు జట్టు టెడా. 1950ల నాటి నగర జట్టుకు వారసురాలు. ఆ ఊరికి ఫుట్‌బాల్ పిచ్చి పాతదే. విదేశీయులు స్థావరాలేర్పరచుకున్న రేవు పట్టణం కదా, ఆటలూ వాళ్లతోపాటే వచ్చాయి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు గెలిచిన స్కాట్లండ్ వీరుడు ఎరిక్ లిడెల్ పుట్టింది తియాంజిన్‌లోనే. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా చూసినవాళ్లకు ఆయన గుర్తుంటాడు. నగరం నడిబొడ్డున ఉన్న మిన్‌యువాన్ స్టేడియాన్ని తీర్చిదిద్దడంలో ఆయన చెయ్యి ఉందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2015లో టెడాకు క్వాన్‌జియాన్ స్పాన్సర్‌గా వచ్చింది. జట్టు పేరు పక్కన కంపెనీ పేరూ చేరింది. ఆ వేసవిలో షు యుహుయ్ ఓ అడుగు ముందుకేసి జియాంగ్సు జట్టు నుంచి సున్ కె అనే ఆటగాణ్ని 6.6 కోట్ల యువాన్లకు కొనేందుకు సిద్ధపడ్డాడు. సున్ కె అప్పటికి జాతీయ జట్టు ఆటగాడు. ఆ జనవరిలోనే ఆసియా కప్పులో ఉజ్బెకిస్థాన్ మీద గెలుపు గోల్ కొట్టాడు. చైనా ఆటగాడికి అది కనీవినీ ఎరగని ధర. టెడా యాజమాన్యం మాత్రం అతణ్ని తమ జట్టులో నమోదు చేయడానికి ఒప్పుకోలేదు. డబ్బిచ్చేవాడికీ జట్టును నడిపేవాడికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే గొడవ. మాటా మాటా పెరిగింది. షు యుహుయ్ స్పాన్సర్‌షిప్ వదిలేసి, ఆ జులైలోనే అదే ఊళ్లోని సాంగ్‌జియాంగ్‌ను కొనేశాడు. టెడా వద్దన్న సున్ కె ఈ జట్టుకు దక్కాడు.

టెడా పెద్దలు అప్పుడు దూరదృష్టితో ఆలోచించారో, పంతానికి పోయారో చెప్పలేం. ప్రభుత్వ సంస్థ నడిపే జట్టు అది, బహుశా కొత్త డబ్బున్నవాడి దూకుడు గిట్టకపోయి ఉంటుంది. కారణమేదైనా, ఆ నిరాకరణ వాళ్ల పాలిట వరమైంది.

షు యుహుయ్ దూకుడుకు కాలమూ కలిసొచ్చింది. ప్రపంచకప్‌కు అర్హత సాధించాలి, ప్రపంచకప్ నిర్వహించాలి, గెలవాలి అని తన మూడు కోరికలను షీ జిన్‌పింగ్ ఎప్పుడో 2011లోనే బయటపెట్టాడు. 2015 మార్చిలో ప్రభుత్వం ఫుట్‌బాల్ సంస్కరణల ప్రణాళికను విడుదల చేసింది. పాలకుడికి ఇష్టమైన ఆటలో డబ్బు పెట్టడానికి వ్యాపారులు పోటీ పడ్డారు. సూపర్ లీగ్ ప్రసార హక్కులు అయిదేళ్లకు 800 కోట్ల యువాన్లు పలికాయి. 2016 తొలినాళ్ల బదిలీల సీజన్‌లో చైనా క్లబ్బులు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ను మించి ఖర్చు పెట్టాయి. రియల్ ఎస్టేట్ వాళ్లు, ఓడరేవుల వాళ్లు, టీవీలూ ఫ్రిజ్‌లూ అమ్మేవాళ్లు ఉన్న ఆ వరసలోకి బూట్ల అట్టల వ్యాపారి కూడా వచ్చి నిలబడ్డాడు.

రెండో అంచెలో బ్రెజిల్ మేళా

ఊళ్లో కొత్తగా డబ్బు చేసినవాడు జాతరకు సినిమావాళ్లను పిలిపించినట్టు షు యుహుయ్ తన రెండో అంచె జట్టుకు వాండర్లే లక్సెంబర్గోను కోచ్‌గా తెచ్చాడు. బ్రెజిల్ జాతీయ జట్టుకూ, రియల్ మాడ్రిడ్‌కూ శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. వెంట 2010 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ముందువరుసలో ఆడిన లూయిస్ ఫాబియానో, కొరింథియన్స్‌ను అప్పుడే దేశ ఛాంపియన్‌గా నిలిపిన జాడ్సన్, శాంటోస్ నుంచి గెవానియో వచ్చారు. ఇంతమంది ఉన్నా 2016 సీజన్ మొదట్లో జట్టు తడబడింది. జూన్‌లో లక్సెంబర్గోను సాగనంపారు.

ఆయన స్థానంలో వచ్చినవాడే ఫాబియో కన్నవారో. 2006లో ఇటలీకి ప్రపంచకప్ అందించిన కెప్టెన్. రక్షణవరుస ఆటగాడై ఉండి బాలన్ డోర్ గెలిచిన అరుదైన మనిషి. కోచ్‌గా మాత్రం అప్పటికి ఆయనకు పేరేమీ లేదు. అంతకు ముందే గ్వాంగ్‌జౌ ఎవర్‌గ్రాండ్‌లో కొద్ది నెలలకే ఉద్యోగం పోయింది. నిరూపించుకోవాలన్న కసి ఉన్న కోచ్, ఖర్చుకు వెనకాడని యజమాని. ఇద్దరికీ కుదిరింది. సీజన్ రెండో సగంలో జట్టు దూసుకెళ్లి రెండో అంచె విజేతగా నిలిచింది. లూయిస్ ఫాబియానో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. 2017కు సూపర్ లీగ్ తలుపులు తెరుచుకున్నాయి.

కోస్టా కోసం గాలం

అప్పుడు యూరప్ పత్రికల నోట్లో తియాంజిన్ అన్న పేరు నానడం మొదలైంది. 2017 జనవరి తొలివారంలో రష్యా క్లబ్బు జెనిట్ నుంచి బెల్జియం ఆటగాడు అక్సెల్ విట్సెల్ సుమారు 2 కోట్ల యూరోలకు వచ్చాడు. అతని కోసం యువెంటస్ నెలల తరబడి కాచుకుని ఉంది. ఏడాదికి 1.8 కోట్ల యూరోల జీతం అని పత్రికలు రాశాయి. అంత పెద్ద క్లబ్బును కాదనడం కష్టమైందని, కానీ కుటుంబం కోసం ఈ అవకాశాన్ని వదులుకోలేకపోయానని విట్సెల్ దాపరికం లేకుండా చెప్పాడు. కొందరు వెక్కిరించారు. నాకైతే ఆ నిజాయితీ నచ్చింది. కొత్త సవాలు కోసం వెళ్తున్నానంటూ కబుర్లు చెప్పిన ఆటగాళ్లతో పోలిస్తే అతను నయం.

అదే నెలలో లండన్‌లో పెద్ద దుమారం. చెల్సీకి ఆ సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొడుతున్న డియెగో కోస్టా హఠాత్తుగా లీసెస్టర్‌తో మ్యాచ్‌లో కనిపించలేదు. వెన్నునొప్పి అన్నాడు కోచ్ ఆంటోనియో కోంతె. చైనా నుంచి కళ్లు తిరిగే జీతం ఆశ చూపారని, అందుకే గొడవని పత్రికలు కోడై కూశాయి. ఆ చైనా క్లబ్బు క్వాన్‌జియానే. షు యుహుయ్ దాచుకునే రకం కాదు. స్థానిక టీవీలో కూర్చుని కోస్టా, కావాని, బెంజిమా... ముగ్గురికీ కబురు పెట్టాం, నిబంధనలు మారడంతో ఆగిపోయామని చెప్పేశాడు.

నిబంధనలు మారిన మాట నిజం. ప్రభుత్వం రగిలించిన జ్వరాన్ని ప్రభుత్వమే దించాలనుకుంది. సీజన్ మొదలు కావడానికి కొద్ది వారాల ముందు చైనా ఫుట్‌బాల్ సంఘం ఒక్కో మ్యాచ్‌లో విదేశీయుల సంఖ్యను మూడుకు కుదించింది. 23 ఏళ్లలోపు స్వదేశీ కుర్రాడొకడు మొదటి పదకొండు మందిలో ఉండి తీరాలంది. జూన్‌లో ఇంకో దెబ్బ. నష్టాల్లో ఉన్న క్లబ్బు విదేశీ ఆటగాడి మీద 4.5 కోట్ల యువాన్లకు మించి ఖర్చు పెడితే అంతే మొత్తం కుర్రాళ్ల శిక్షణ నిధికి కట్టాలంది. ఆటగాడి ధర ఒక్క ఉత్తర్వుతో రెట్టింపైందన్నమాట.

ముగ్గురు దిగ్గజాలూ చేజారాక క్వాన్‌జియాన్ విలారియల్ నుంచి అలెగ్జాండ్రె పాటోను 1.8 కోట్ల యూరోలకు తెచ్చుకుంది. ఒకప్పుడు ఏసీ మిలాన్‌లో మెరిసి, గాయాలతో వాడిపోయిన కుర్రాడు. దక్షిణ కొరియా డిఫెండర్ క్వాన్ క్యుంగ్ వాన్ వచ్చాడు. వేసవిలో జర్మనీలోని కొలోన్ నుంచి ఆంథొనీ మొదెస్త్ చేరాడు. కొత్త రుసుము తప్పించుకోవడానికి అతణ్ని ముందు అద్దెకు తీసుకుని తర్వాత కొనే ఏర్పాటు చేసుకున్నారు. మొత్తం కలిపితే 3.5 కోట్ల యూరోల దాకా అవుతుందని అప్పట్లో అంచనా.

ఆట మాత్రం అసలైనదే

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తర్వాత జరిగింది తెలిశాక, అదంతా డబ్బు ఆర్భాటమేనని కొట్టిపారేయడం సులువు. కానీ 2017 క్వాన్‌జియాన్ మంచి జట్టు. విట్సెల్ మధ్యలో నిలబడి ఆటను తన వేగానికి తిప్పుకునేవాడు. పాటో మళ్లీ గోల్స్ కొట్టడం మొదలుపెట్టాడు. కన్నవారో స్వదేశీ కుర్రాళ్లను మొక్కుబడిగా దించి కాసేపటికి బయటకు లాగేయకుండా నిజంగానే ఆడించాడు. చాలా క్లబ్బులు ఆ నిబంధనను తప్పించుకోవడానికి కుర్రాణ్ని పదిహేనో నిమిషంలోనే మార్చేసేవి. ఇక్కడ లియు యిమింగ్‌లాంటి యువకులు ఆడుతూ ఎదిగారు. హైహె విద్యా ప్రాంగణంలోని 30,000 సీట్ల స్టేడియం సొంత మైదానం. టెడాతో తలపడినప్పుడల్లా ఊరు రెండు ముక్కలయ్యేది.

సీజన్ ముగిసేసరికి ఎవర్‌గ్రాండ్, షాంఘై ఎస్‌ఐపీజీల తర్వాత మూడో స్థానం. కిందటేడు రెండో అంచెలో ఉన్న జట్టుకు ఆసియా ఛాంపియన్స్ లీగ్ అవకాశం! ఆ విజయమే దానికి మొదటి నష్టం తెచ్చింది. నవంబర్‌లో కన్నవారోను ఎవర్‌గ్రాండ్ వెనక్కు పిలిచింది. తనను ఒకప్పుడు పంపించేసిన చోటికే ఆయన తలెత్తుకుని వెళ్లాడు. క్వాన్‌జియాన్ పోర్చుగల్ కోచ్ పౌలో సౌసాను తెచ్చుకుంది.

2018లో ఆసియా పోరు చూసినవాళ్లు మరచిపోలేరు. గ్రూప్ దశలో కొరియా ఛాంపియన్ జ్యాన్‌బుక్ చేతిలో 6-3తో చిత్తయింది. వారం తిరిగేసరికి తియాంజిన్‌లో అదే జట్టును 4-2తో ఓడించింది. ఆ జ్యాన్‌బుక్ కోచ్ పేరు చొయ్ కాంగ్ హీ. ఆయన ఈ కథలోకి మళ్లీ వస్తాడు. ప్రీక్వార్టర్స్‌లో ఎదురుపడింది సాక్షాత్తూ కన్నవారో ఎవర్‌గ్రాండ్. తియాంజిన్‌లో 0-0. గ్వాంగ్‌జౌలో 2-2. పరాయి మైదానంలో కొట్టిన రెండు గోల్స్ క్వాన్‌జియాన్‌ను గట్టెక్కించాయి. రెండుసార్లు ఆసియా విజేతగా నిలిచిన జట్టును దాని సొంత గడ్డ మీదే ఇంటికి పంపింది. మూడేళ్ల కిందట క్వాన్‌జియాన్ అన్న క్లబ్బు పేరు ఎవరూ ఎరగరు.

ఆ జూన్, జులైలలో రష్యాలో ప్రపంచకప్. మూడో స్థానం సాధించిన బెల్జియం జట్టులో ఇంగ్లండ్, స్పెయిన్, ఫ్రాన్స్ క్లబ్బుల పేర్ల మధ్య తియాంజిన్ క్వాన్‌జియాన్ అనీ కనిపించేది, విట్సెల్ పేరు పక్కన. బూట్ల అట్టలమ్మే ఏజెంట్ల చేతికి అంతకంటే ఏం కావాలి? కానీ అదే ఆఖరు. ఆగస్టులో విట్సెల్ జర్మనీలోని డార్ట్‌మండ్‌కు వెళ్లిపోయాడు. మొదెస్త్ కూడా ఒప్పందం తెంచుకున్నానంటూ కొలోన్ దారి పట్టాడు, ఆ పేచీ ఫిఫా దాకా వెళ్లింది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో జపాన్ జట్టు కాషిమా ఆంట్లర్స్ 2-0, 3-0తో ఓడించింది. రెండో మ్యాచ్ సొంత అభిమానుల ముందు జరగాల్సింది. ఆ రోజుల్లోనే తియాంజిన్‌లో ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలుండటంతో మకావుకు తరలించారు. కాషిమా ఆ ఏడాది కప్పు గెలిచింది. అక్టోబర్‌లో సౌసా వెళ్లిపోయాడు. లీగ్‌లో తొమ్మిదో స్థానం.

అప్పుడు షు యుహుయ్ మళ్లీ తన పాత పద్ధతిలోనే ఆలోచించాడు. తనను 6-3తో ఓడించిన చొయ్ కాంగ్ హీనే కోచ్‌గా కొనుక్కున్నాడు. కొత్త కోచ్ 2019 సీజన్‌కు సిద్ధమవుతున్నాడు. ఇంతలో క్రిస్మస్ వచ్చింది.

ఒక వ్యాసం

2018 డిసెంబర్ 25న చైనాలో వైద్యులు, ఆరోగ్య రచయితలు నడిపే డింగ్‌షియాంగ్ అనే ఆన్‌లైన్ వేదిక ఓ సుదీర్ఘ వ్యాసం ప్రచురించింది. క్వాన్‌జియాన్‌ను శీర్షికలోనే వెయ్యి కోట్ల యువాన్ల సామ్రాజ్యం అంది. ఆ సామ్రాజ్యం నీడలో ఓ రైతు కుటుంబం ఏమైందో రాసింది. ఆ ఇంటి నాలుగేళ్ల పాపకు కేన్సర్. పెద్దాసుపత్రిలో చికిత్స చేయిస్తున్న తండ్రి క్వాన్‌జియాన్ మాట నమ్మి మధ్యలో ఆపించి, వాళ్లిచ్చిన మందులు వాడాడు. జబ్బు ముదిరింది. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాడు. ఒకవైపు పాప ప్రాణం మీదికొస్తుంటే, మరోవైపు ఆ పాప ఫొటో క్వాన్‌జియాన్ మందుతో నయమైన రోగి అంటూ ప్రచారంలో తిరుగుతోంది. ఆయన కోర్టుకు వెళ్లాడు, ఓడిపోయాడు. 2015లో పాప చనిపోయింది. షు యుహుయ్ ఫుట్‌బాల్ జట్టు కొన్నది ఆ ఏడాదే.

అది అబద్ధాల పుట్ట, తీసేయండని క్వాన్‌జియాన్ హెచ్చరించింది. తీసేయం, రాసినదానికి కట్టుబడి ఉన్నాం, కావాలంటే కేసు వేసుకోండని ఆ వేదిక బదులిచ్చింది. పత్రికాస్వేచ్ఛ అంతంతమాత్రంగా ఉన్న దేశంలో, అంత పెద్ద కంపెనీకి ఎదురు నిలిచి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. వ్యాసం కోట్లాదిమందికి చేరింది. ఎవరికి వారు తమ ఇంట్లో పెద్దవాళ్లు మోసపోయిన కథలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. రెండు వారాలు గడవకముందే, 2019 జనవరి 7న, షు యుహుయ్‌తో కలిపి 18 మందిని అదుపులోకి తీసుకున్నామని అధికారులు ప్రకటించారు. ఆ మర్నాడే ఆరోగ్య ఉత్పత్తుల మార్కెట్‌ను జల్లెడ పట్టేందుకు దేశవ్యాప్తంగా వంద రోజుల తనిఖీలు మొదలయ్యాయి.

ఏడాది తర్వాత, 2020 జనవరి 8న, వుచింగ్ కోర్టు తీర్పు చెప్పింది. గొలుసుకట్టు నడిపినందుకు షు యుహుయ్‌కు తొమ్మిదేళ్ల జైలు, 5 కోట్ల యువాన్ల జరిమానా. కంపెనీకి మరో 10 కోట్లు. ఆయన నేరం ఒప్పుకున్నాడు.

ఈ వ్యవహారంలో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది విట్సెల్ జీతమో, మొదెస్త్ ధరో కాదు. ఆ డబ్బు ఎవరి జేబులోది అన్న ప్రశ్న. ఎవర్‌గ్రాండ్ డబ్బు ఇళ్లు కొనుక్కున్నవాళ్లది, జియాంగ్సు సునింగ్ డబ్బు టీవీలు కొనుక్కున్నవాళ్లది. వాళ్లకు కనీసం ఇల్లో టీవీయో దక్కింది. క్వాన్‌జియాన్ డబ్బు ఆసుపత్రి ఖర్చు భరించలేనివాళ్లు ఆఖరి ఆశగా ఇచ్చింది, కింది అంచెలో చేరి పొదుపంతా పోగొట్టుకున్న పెద్దవాళ్లది. పాటో గోల్ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో ఎగిరి గంతేసినవాళ్ల ఇళ్లల్లోనూ ఆ అట్టలు ఉండే ఉంటాయి.

తియాన్‌హై ఏడాది

యజమాని జైలుపాలైతే జట్టేం కావాలి? రెండు రోజుల్లో క్వాన్‌జియాన్ అన్న పేరు తీసేశారు. తియాంజిన్ ఫుట్‌బాల్ సంఘం పగ్గాలు అందుకుని తియాన్‌హై అని కొత్త పేరు పెట్టింది. సంఘం దగ్గర పేరుంది కానీ డబ్బు లేదు. చొయ్ కాంగ్ హీ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడించకుండానే దాలియన్ యిఫాంగ్‌కు వెళ్లిపోయాడు. మార్చిలో పాటో ఒప్పందం రద్దు చేసుకుని బ్రెజిల్ విమానమెక్కాడు. మిగిలినవాళ్లతో, దొరికినవాళ్లతో సీజన్ మొదలైంది. షెన్ షియాంగ్‌ఫు, పాక్ చూంగ్ క్యున్, చివరికి లీ వెయ్‌ఫెంగ్... ముగ్గురు కోచ్‌లు మారారు.

లీ వెయ్‌ఫెంగ్ గురించి రెండు మాటలు చెప్పాలి. చైనా పురుషుల జట్టు ఇప్పటిదాకా ఆడిన ఒకే ఒక్క ప్రపంచకప్ 2002ది. దాని రక్షణవరుసలో ఉన్న మొండిఘటం ఇతను. ఆ ఏడాదే లీ తియెతో కలిసి ఇంగ్లండ్‌లోని ఎవర్టన్‌కు వెళ్లాడు. లీ తియె అక్కడ నిలదొక్కుకున్నాడు, ఇతను కొద్ది రోజులకే తిరిగొచ్చాడు. తర్వాతి కాలంలో లీ తియె జాతీయ కోచ్ అయ్యి, లంచాల కేసులో 2024 డిసెంబర్‌లో 20 ఏళ్ల శిక్ష వేయించుకున్నాడు. మొండివాడు లీ వెయ్‌ఫెంగ్ మాత్రం 2019 శరదృతువులో దివాలా అంచున ఉన్న తియాన్‌హైని పదహారు జట్లలో పద్నాలుగో స్థానంలో నిలబెట్టి, కింది అంచెకు పడకుండా కాపాడాడు. ఆటగాళ్లు తమ పని తాము చేశారు. మైదానంలో ఓడి పోయిన జట్టు కాదది.

మిగిలింది లెక్కల పని. 2020 సీజన్‌లో ఆడాలంటే జీతాలు ఇచ్చినట్టు, నడిపేందుకు డబ్బున్నట్టు ఫుట్‌బాల్ సంఘానికి చూపించాలి. కోవిడ్‌తో లీగ్ వాయిదా పడటం వల్ల గడువు కొంత జరిగింది, డబ్బు మాత్రం దొరకలేదు. అప్పుడే ఉచిత ప్రకటన వచ్చింది. వాంటోన్ అనే రియల్ ఎస్టేట్ గ్రూపు ముందుకొచ్చినట్టే వచ్చింది, బేరం తెగలేదు. లీగ్ నుంచి తప్పుకుంటున్నామని, క్లబ్బును రద్దు చేస్తున్నామని మే 12న ప్రకటించారు. ఖాళీ అయిన స్థానం, అంతకు ముందే పదిహేనో స్థానంతో కింది అంచెకు పడిన షెన్‌జెన్‌కు దక్కింది. ఆసియా కప్పు గెలిచిన మొదటి చైనా క్లబ్బు లియావోనింగ్ కూడా అదే నెలలో జీతాలు చెల్లించలేక వేటుకు గురైంది. అర్ధ శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్న ఆ పేరు ముందు తియాన్‌హై మరణం చిన్న వార్తైపోయింది.

వరసగా

తియాన్‌హై కథ వింతగా అనిపించింది కొన్ని నెలలే. 2020 నవంబర్‌లో జియాంగ్సు సునింగ్ మొదటిసారి సూపర్ లీగ్ గెలిచింది. 2021 ఫిబ్రవరి 28న కార్యకలాపాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఛాంపియన్ హోదాకు నాలుగు నెలలైనా నిండకుండానే! అదే ఏడాది నుంచి జట్ల పేర్లలో కంపెనీ పేర్లు ఉండకూడదన్న నిబంధన వచ్చింది. విదేశీ ఆటగాళ్ల జీతానికి ఏడాదికి 30 లక్షల యూరోల గరిష్ఠ పరిమితి పెట్టారు. పేరే లేనప్పుడు డబ్బెందుకు పెట్టాలని యజమానులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ నిబంధన ఆరేళ్ల ముందే వచ్చి ఉంటే షు యుహుయ్ ఫుట్‌బాల్ వైపు తలెత్తి చూసేవాడు కాదని నా అనుమానం.

క్వాన్‌జియాన్‌తో ముడిపడిన క్లబ్బుల జాడ తీస్తే ఇంకా ఆశ్చర్యం. సున్ కె వచ్చింది జియాంగ్సు నుంచి, అది పోయింది. చొయ్ కాంగ్ హీ వెళ్లింది దాలియన్‌కు, అది 2024 ఆరంభంలో మూతపడింది. తియాన్‌హై స్థానం దక్కించుకున్న షెన్‌జెన్ కూడా ఆ జనవరిలోనే కనుమరుగైంది. కన్నవారో వెళ్లింది ఎవర్‌గ్రాండ్‌కు. ఎనిమిది లీగ్ టైటిళ్లు, రెండు ఆసియా కప్పులు గెలిచిన ఆ క్లబ్బు యజమాని అప్పుల్లో కూరుకుపోయాక, 2025 జనవరిలో అప్పుల భారంతోనే వృత్తి లీగ్‌లలో చోటు కోల్పోయి మాయమైంది.

ఇదంతా చైనా వింత అనుకోవడానికి మనకు వీల్లేదు. 2019లో మూతపడిన పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో మనోలో మార్కెజ్ శిక్షణలో గోవా ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ ఊరికి మళ్లీ ఆ ఆట కళ వచ్చిందని సంబరపడ్డాం. రెండేళ్లు గడవకముందే జీతాల బకాయిలు, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అక్కడ నేరమేమీ లేదు, డబ్బు లేదు, అంతే. కానీ గచ్చిబౌలి గ్యాలరీలో పసుపు చొక్కా వేసుకుని అరిచిన కుర్రాడికీ, హైహె స్టేడియంలో అరిచిన కుర్రాడికీ మిగిలింది ఒకటే: ఆడటానికి జట్టు లేని చొక్కా.

తియాంజిన్‌లో నిలిచింది టెడా. అది కూడా 2021 తొలి నెలల్లో మూతపడే దాకా వెళ్లింది. ఆటగాళ్లు చెదిరిపోయారు, సీజన్‌లో ఆడుతుందో లేదో చివరిదాకా తేలలేదు. నగర పెద్దలు ఏదో ఒకటి సర్ది బతికించారు. జిన్‌మెన్ టైగర్ అని పేరు మార్చుకుంది, అందులో ఏ కంపెనీ పేరూ లేదు. ఆసియా కప్పుల ఆశ లేదు, కోస్టాకో కావానికో కబురు పెట్టే స్తోమత అంతకన్నా లేదు. ఏటా పట్టికలో మధ్యలోనో, కాస్త కిందో ఉంటుంది. తియాంజిన్‌లో ఇప్పుడు సూపర్ లీగ్ మ్యాచ్ చూడాలంటే ఆ ఒక్క జట్టే.